మంగళవారం కాలే కొండ

శాంతయ్య రోజూ పొద్దున ఆరింటికి ఇరవై ఎనిమిది స్తంభాలను అరచేత్తో తట్టి చూసి, ఆ తరవాతే టీ తాగుతాడు.

వాటిలో ఏదీ పారిపోయే రకం కాదు. ఒక్కోటీ ఇద్దరు మనుషులు కలిసినా లేవని టేకు. కానీ ఆ ఇల్లు ఒకసారి కదిలిన ఇల్లు. నూట నలభై ఏళ్లు దివిసీమలో ఒక కాలవ గట్టున ఉండి, అమ్మకానికి వచ్చి, మూడేళ్ల కిందట ముక్కలు ముక్కలుగా పదకొండు లారీల్లో బయలుదేరింది. నందిగామకూ జగ్గయ్యపేటకూ మధ్య, హైవే నుంచి కాస్త లోపలికి వేసిన ‘మండువా మెడోస్’ అనే వెంచర్లో క్లబ్ హౌసై లేచింది. ఒకసారి కదిలినదాన్ని శాంతయ్య నమ్మడు.

లారీలు దించిన ముఠాలో అతనూ ఉన్నాడు. స్తంభాల మీద సుద్దతో వేసిన నంబర్లు మొదటి వానకే కొట్టుకుపోయాయి. వడ్రంగులు తలలు పట్టుకుని కూర్చుంటే, ఏది దేని తరవాత తన భుజం మీదికి వచ్చిందో శాంతయ్య వరసగా చెప్పాడు. పదకొండోదానికి గేదెను కట్టిన తాడు ఒరుపు ఉంటుంది. పందొమ్మిదోది కాస్త వంకర. అలా ఇల్లు నిలబడింది, దాంతోపాటు అతనికి వాచ్‌మన్ ఉద్యోగమూ నిలబడింది. మిరప కోతకు వంగితే మళ్లీ లేవడానికి ఇంకో మనిషి కావలసి వస్తున్న అరవై ఒకటో ఏట, నీడపట్టున నెలజీతం. అది పోతే మళ్లీ ఎండలోకే.

ఆ ఇంటికి అంతకుముందు నీళ్ల భయమే తెలుసు. నిప్పుకు భయపడటం ఈ మెట్టకొచ్చాక నేర్చుకోవాల్సి వచ్చింది. వెంచర్ వెనక కంచె దాటితే కొండ, కొండ నిండా మోకాలెత్తు బోదగడ్డి. తొలకరికి లేతగడ్డి రావాలంటే పాతది కాలిపోవాలని మందలవాళ్ల లెక్క. అందుకని ఏటా మార్చి చివర కొండ కాలుతుంది. ఎవరు కాలుస్తారో ఎవరికీ తెలియదు. ఎప్పుడు కాలుస్తారో మాత్రం అందరికీ తెలుసు.

కిందటేడు మంట కంచె దాకా వచ్చి, లోపలంతా బోడినేల కనబడేసరికి ఆగిపోయింది. ఈ ఏడు బోడినేల లేదు. హైదరాబాదు నుంచి వచ్చిన డిజైనర్ నీహారిక ఇంటి చుట్టూ ముప్పై అడుగుల మేర విదేశీ గడ్డి నాటించింది. అది నడుమెత్తు పెరిగి, కంకులేసి, శివరాత్రికల్లా ఎండి బంగారంలా తయారైంది. ‘బంగారు కడలిలో నూట నలభై ఏళ్ల లోగిలి’ అని బ్రోచర్లో ఫొటో వేశారు.

నాటే రోజునే శాంతయ్య అడిగాడు. “మేడం, ఇట్టాంటిది మొలిస్తే మేం పీకి తగలబెడతామండి. మీరు కొనుక్కొచ్చి నాటిస్తున్నారేంటి?”

ఇది బోద కాదనీ, దీనికి వేరే పేరుందనీ ఆవిడ ఓపిగ్గా చెప్పింది. పేరు వేరైతే అంటుకోదా అని అడగబోయి శాంతయ్య ఊరుకున్నాడు. మంటలార్పే ఎర్ర సిలిండర్లు పాత ఇంటి అందం పాడుచేస్తున్నాయని ఆవిడే వాటికి నగిషీల చెక్కపెట్టెలు చేయించి, తాళాలు వేయించింది. తాళంచెవులు సైట్ ఇన్‌చార్జి భవానీప్రసాద్ కారులో ఉంటాయి.

భవానీప్రసాద్‌ది చందర్లపాడు. పదెకరాలు కౌలుకిచ్చి, తెల్లచొక్కా వేసుకుని ఉద్యోగం చేస్తున్నాడు. ఏ సంగతైనా కాగితం మీద ఉండాలంటాడు. గడ్డి కోసేద్దామని శాంతయ్య రెండుసార్లు అడిగితే, దాని మీద చెయ్యి వేస్తే ఉద్యోగం ఉండదని నోటితో ఒకసారి చెప్పి, వాట్సాప్‌లో ఇంకోసారి పెట్టాడు.

మార్చి ఆఖర్లో ఒక శుక్రవారం శాంతయ్య టీకొట్టు దగ్గర కృష్ణయ్య పక్కన చేరాడు. కృష్ణయ్యకు నూట ఇరవై మేకలున్నాయి.

“ఈ ఏడు కొండ ఎప్పుడు అంటుకుంటదో ఏవన్నా తెలుసా కృష్ణయ్యా?”

“నాకెట్టా తెలుస్తది శాంతయ్యా?” అని కృష్ణయ్య గ్లాసు అడుగు దాకా తాగి, కింద పెట్టి, మూతి తుడుచుకున్నాడు. “మంగళారం అనుకుంటా.”

శాంతయ్య ఆ కబురు భవానీప్రసాద్‌కు చేరవేశాడు. ఎవరు చెప్పారని ఆయన అడిగాడు. ఎవరూ చెప్పలేదండి అన్నాడు శాంతయ్య. లెటరేమైనా వచ్చిందా? రాలేదు. అయితే గడ్డి ఉండాల్సిందే, ఆదివారం కస్టమర్లొస్తున్నారు, గడ్డి లేకపోతే ఫొటోలు ఎక్కడ దిగుతారు? సోమవారం తనకు సెలవు, ఏదున్నా మంగళవారం చూద్దామన్నాడు.

శాంతయ్య ఇంటికొచ్చి భార్య జయమణితో లెక్క చెప్పాడు. గడ్డి కోస్తే ఉద్యోగం పోతుంది. కొయ్యకపోతే ఇల్లూ ఉద్యోగమూ రెండూ పోతాయి, ఎందుకంటే ఇల్లు కాలితే మొదట అడిగేది వాచ్‌మన్నే.

“మన రేకు లేచిపోతే నెల దాకా నిచ్చెనెక్కలా నువ్వు,” అంది జయమణి. “ఎవరి ఇంటికో తెగ కుంగిపోతన్నావు.”

“మన రేకు కాలదుగా,” అన్నాడు శాంతయ్య.

అప్పుడు తట్టింది ఆ ఉపాయం. తను కోస్తే తప్పు. మేకలు పడి తినేస్తే మేకల తప్పు. మేకలకు వాట్సాప్ లేదు.

సోమవారం పొద్దున్నే కంచె గేటు తీసి, కృష్ణయ్య మందను లోపలికి రమ్మన్నాడు. మేక తినని ఆకు లేదని ఈ ప్రాంతంలో పుట్టినవాడికి ఎవరూ వేరే చెప్పక్కర్లేదు. శాంతయ్య దాని మీదే ఉద్యోగాన్ని పందెం కాశాడు. మేకలు వచ్చాయి. బంగారు కడలిని ఒకసారి వాసన చూశాయి. తలలు తిప్పుకుని వెళ్లి, గేటు పక్కనున్న బోగన్‌విల్లా, రెండు వరసల మందారాలు, ‘స్వాగతం’ అని అక్షరాల ఆకారంలో కత్తిరించిన పచ్చమొక్కల్లో మొదటి రెండు అక్షరాలు తినేశాయి. గడ్డి జోలికి ఒక్కటీ పోలేదు.

“రుచి లేదనుకుంటా,” అన్నాడు కృష్ణయ్య, అవమానపడినట్టుగా. తన మేకలు ఒకదాన్ని వదిలేయడం ఆయన చూడటం అదే మొదటిసారి.

మధ్యాహ్నానికి శాంతయ్యకు వేరే దారి లేకపోయింది. జయమణి తన కోత ముఠాను తీసుకొచ్చింది. ఆరుగురు ఆడవాళ్లు, ఆరు కొడవళ్లు. వంగనని భీష్మించిన శాంతయ్య నడుం కూడా వాళ్లతోపాటు వంగింది. పొద్దు గుంకేలోగా ముప్పై అడుగులూ నేలకు తెగాయి. మోపులు ఎవరివి వాళ్లు ఎత్తుకుపోయారు. ముఠాలోని ఆరోగ్యమ్మ ఆ గడ్డితోనే తన గేదెల పాక కప్పుకుంది. శాంతయ్య నిచ్చెనేసుకుని ఇంటికప్పు ఎక్కి, పెంకుల మధ్య పేరుకున్న ఎండుటాకులు ఊడ్చి, నాలుగు డ్రమ్ముల్లో నీళ్లు నింపి, గోనెసంచులు నానేశాడు.

మంగళవారం తొమ్మిదింటికి భవానీప్రసాద్ కారు దిగి, ముందు ‘స్వాగతం’లో మిగిలిన ఒక్క అక్షరాన్ని చూశాడు. తరవాత ఇంటివైపు చూశాడు.

“మేకలండి,” అన్నాడు శాంతయ్య. “మంద మంద పడిపోయినయ్యండి.”

భవానీప్రసాద్ ఉద్యోగస్తుడైతే అయ్యాడు గానీ చందర్లపాడువాడు. వంగి మొదళ్లు చూశాడు. అన్నీ ఒకే ఎత్తున, ఏటవాలుగా, నున్నగా తెగి ఉన్నాయి.

“మేకలు కొడవలితో మేస్తాయా శాంతయ్యా?”

భవానీప్రసాద్ అక్కడే ఫోన్లో ఉత్తరం రాశాడు. వాచ్‌మన్ ఆదేశాలు ధిక్కరించి ముప్పై అడుగుల గడ్డి కోసినందుకు నేటినుంచి తొలగించడమైనది. కాగితం మీద ఉండాలి కాబట్టి, ప్రింటు తీయించుకురమ్మని డ్రైవర్ను నందిగామ పంపాడు. కారు వెళ్లిపోయింది.

పన్నెండు దాటాక కొండ మీద పొగ లేచింది.

గాలి ఇటే ఉంది. అరగంటలో కంచె అవతల బోదంతా చిటపటలాడుతోంది. భవానీప్రసాద్ ఒకే పరుగున చెక్కపెట్టెల దగ్గరికి వెళ్లి, తాళాలు చూసి, జేబులు తడుముకుని నిలబడిపోయాడు. తాళంచెవులు కారులో ఉన్నాయి. కారు శాంతయ్య ఉద్యోగం తీసేసే కాగితం కోసం వెళ్లింది.

“సార్, ఇది పట్టుకోండి,” అని శాంతయ్య ఆయన చేతికి తడిగోనె ఇచ్చాడు.

మంట కంచె దాకా వచ్చింది. దాటితే తినడానికి ఏమీ లేదు. నిప్పురవ్వలు ఎగిరొచ్చి మొదళ్ల మీద పడుతుంటే, పొగ చూసి పరిగెత్తుకొచ్చిన జయమణి ముఠా తడిగోనెలతో కొట్టింది. తెల్లచొక్కాయనా కొట్టాడు. రెండు రవ్వలు పెంకుల మీద పడి, ఆకు దొరక్క ఆరిపోయాయి. రెండింటికల్లా మంట తనంతట తాను కొండ అవతలి వైపు వెళ్లింది.

డ్రైవర్ మూడింటికి వచ్చి ఉత్తరమూ తాళంచెవులూ కలిపి ఇచ్చాడు. భవానీప్రసాద్ మసి చేతులతో కాగితం తెరిచి, తాను రాసింది తానే చదువుకున్నాడు. తరవాత వెనక్కి తిప్పి పెన్ను అడిగాడు. హెడ్డాఫీసుకు రిపోర్టు దాని మీదే రాశాడు. అగ్ని ప్రమాద నివారణ కోసం సైట్ ఇన్‌చార్జి పర్యవేక్షణలో ముప్పై అడుగుల మేర గడ్డి తొలగించడమైనది. ముప్పై అడుగులన్న మాట రెండు వైపులా ఒకటే.

“మేకల సంగతి రాయమంటారా అండి?” అని అడిగాడు శాంతయ్య.

“నోరు ముయ్యి,” అన్నాడు భవానీప్రసాద్. శాంతయ్య దాన్ని ఉద్యోగం ఉన్నట్టుగా తీసుకున్నాడు.

హెడ్డాఫీసుకు రిపోర్టు బాగా నచ్చింది. ఇంటి చుట్టూ ముప్పై అడుగులు కంకర పరవమన్నారు. పెట్టెలకు తాళాలు తీసేయమన్నారు. వచ్చే ఏటికి ముందస్తు ప్రణాళిక పంపమన్నారు. అందులో ప్రమాదం జరిగే తేదీ అని ఒక గడి ఉంది. అది నింపడానికి భవానీప్రసాద్ శాంతయ్యను టీకొట్టుకు పంపాడు.

“నాకెట్టా తెలుస్తది?” అన్నాడు కృష్ణయ్య. వేళ్ల మీద ఏదో లెక్క చూసుకున్నాడు. “ముప్పై అని రాసుకోమను.”

ప్రణాళికలో అలాగే ఉంది. ప్రమాద తేదీ: మార్చి 30, మంగళవారం. నీళ్ల ట్యాంకర్: 29 సాయంత్రం.