మంచం పక్కన చేసిన తర్జుమా

మా సంఘంలో ఇంగ్లీషు నుంచి తర్జుమా చేసే పని ఇరవై ఏళ్లుగా నాది. బయటి దేశాల బోధకులు వచ్చినప్పుడు మైకు దగ్గర వాళ్ల పక్కన నిలబడేది నేనే. ఈ పనికి ఒక పద్ధతి ఉంది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, చూసి పట్టుకోవాలి. బోధకుడు ఒక మాట మెల్లగా అంటే మనం దాన్ని గట్టిగా అనాలి. ‘దేవుడు మీకు సాయం చేస్తాడని నా నమ్మకం’ అని ఆయనంటే, ‘దేవుడు మీకు సాయం చేస్తాడు, చేసి తీరతాడు’ అని మనం అనాలి. జనం చేతులెత్తి స్తోత్రం చెప్పేది ఆ రెండో మాటకే. చప్పగా చెప్పిన రోజు సభ అయ్యాక ఆడవాళ్లు, “ఏంది టీచరమ్మా, ఇయ్యాల జరమొచ్చిందా?” అని అడిగేవారు. దీన్ని నేను ఎన్నడూ అబద్ధం అనుకోలేదు. విశ్వాసం తక్కువైన మాటకు కొంచెం విశ్వాసం కలిపి ఇస్తున్నానని అనుకున్నాను.

మేముండేది మణుగూరు కాలనీలో. మా ఆయన గనిలో పనిచేసి రిటైరయ్యారు. నేను ఒక చిన్న బడిలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. ఆదివారాలు సంఘంలో పిల్లలకు వాక్యం చెబుతాను.

మూడేళ్ల కిందట, వానలు వెనకబట్టాక, మా సంఘం నడిపే హాస్టలుకు ఒక వాలంటీరు అమ్మాయి వచ్చింది. ఎక్కడో చలిదేశం. ఇరవై అయిదు, ఇరవై ఆరేళ్లుంటాయి. పొద్దున హాస్టలు పిల్లలకు ఇంగ్లీషు చెప్పాలి. మధ్యాహ్నం అడవి అంచు ఊళ్లకు పోయి, మంచాన పడ్డవాళ్లను ఎలా చూసుకోవాలో ఇంటివాళ్లకు నేర్పాలి. అయిదు నెలలుంటుంది. తన దేశంలోనూ కదలలేని వాళ్లను చూసుకునే పనే చేసేదట. పిల్లలు ఆమెను తెల్లక్క అన్నారు. మధ్యాహ్నం ఇళ్లకు పోయేటప్పుడు ఆమె మాట తెలుగులో చెప్పడానికి నన్ను వెంట పంపారు. ఆ అమ్మాయి ప్రార్థనలో కళ్లు మూసుకునేది గాని నోరు తెరిచేది కాదు. ఇంత దూరం వచ్చి సేవ చేసే పిల్లకు విశ్వాసం ఇంతేనా అని నా మనసులో నేనే తీర్పు తీర్చాను.

మొదటి వారంలోనే ఆ ఇంటికి వెళ్లాం. మణుగూరు నుంచి ఆటోలో అరగంట. రేకుల ఇల్లు, ముందు చిన్న పందిరి. ఇంటాయనకు నలభై దాటలేదు. ముందటి ఎండాకాలం చింతకాయ దులపడానికి చెట్టెక్కితే కొమ్మ విరిగి పడ్డాడు. నడుము కింద స్పర్శ పోయింది. పెద్ద దవాఖానాలో ఆపరేషన్ చేసి ఇంటికి పంపేశారు. పిల్లలు లేరు. అతని భార్య ఆ మధ్యే మా సంఘంలో చేరింది. చేర్చింది నేనే.

అమ్మాయి అతని వీపు, మడమలు తడిమి చూసింది. కాగితాలు చదివింది. స్కాన్ ఫిల్మును గుమ్మం దగ్గర వెలుతురుకు పట్టుకుని చూసింది. తర్వాత నా వైపు తిరిగి ఇంగ్లీషులో మెల్లగా చెప్పింది. వెన్నులో నరం తెగిపోయింది, ఇతను ఇక నడవడు. ఆ మాట ఈమెకు ఈరోజే తేటగా చెప్పాలి. అది తెలిస్తేనే మిగతా పని సరిగ్గా చేస్తుంది. ఒంటికి పుండు పడకుండా చూసుకుంటే చాలా ఏళ్లు బతుకుతాడు. పుండు పడితే అదే చంపుతుంది.

“ఏమన్నదక్కా?” అని భార్య నా చెయ్యి పట్టుకుంది. “నడుస్తడంటనా?”

ఆ ముఖంలోకి చూస్తూ నడవడని చెప్పడానికి నోరు రాలేదు. అది జాలి ఒక్కటే అయితే ఈరోజు నాకు ఇంత బాధ ఉండేది కాదు. చెప్పకూడదనే అనుకున్నాను. నలుగురు మనుషులు ఇంటి కప్పు విప్పి ప్రభువు ముందుకు దించిన రోగి లేచి పరుపెత్తుకుని పోయిన సంగతి ఆదివారం పిల్లలకు ఎన్నిసార్లు చెప్పి ఉంటాను! అలాంటి నేను ఒక ఫిల్ము ముక్కను నమ్మి ఆ ఇంట్లో ‘నడవడు’ అంటే దేవునికి అడ్డం నిలబడినట్టే అనిపించింది.

“నడుసుడు దేవుని చేతుల ఉన్నది. నమ్మకం గట్టిగ పట్టుకో,” అన్నాను. “ఈ లోపల ఒంటికి పుండు పడకుండ చూసుకోమంటున్నది.”

ఆమె రెండు చేతులూ జోడించింది. అమ్మాయికి అనుమానం వచ్చింది. “చెప్పారా? బాధపడినట్టు లేదే,” అని నన్నే అడిగింది. ‘చెప్పాను, విశ్వాసం గల మనిషి, తట్టుకుంది’ అన్నాను.

నులక మంచం తీయించి చెక్క మంచం వేయించింది అమ్మాయి. దాని మీద మందంగా స్పాంజి పరుపు. రెండు గంటలకోసారి అతణ్ణి తిప్పి పడుకోబెట్టాలి. ఒకసారి గోడ వైపు, ఒకసారి వెల్లకిలా, ఒకసారి గుమ్మం వైపు. భార్య సెల్లులో అలారం పెట్టి చూపించింది. అది మోగితే పక్కింటామె గోడ అవతల నుంచి, “తిప్పినవా లేదా?” అని అరిచేది.

అతను సరదా మనిషి. ఒకరోజు అమ్మాయి పక్క మారుస్తుంటే, “ఓ తెల్లమ్మా, ఈ పక్క కాలిందా? అట్టు తిప్పినట్టు తిప్పుతున్నవ్, జర నూనె గూడ పొయ్యరాదు?” అన్నాడు.

“నడుం పడ్డది గాని ఈ మనిషికి నోరు పడలే,” అంది భార్య.

“అది గూడ పడితే నిన్ను తిట్టేటోడెవడే?”

నేను ఇంగ్లీషులో చెబితే అమ్మాయి మంచం పట్టె పట్టుకుని నవ్వింది. ఆ రెండు మూడు నెలలు అతని ఒంటి మీద చిన్న మచ్చ కూడా పడలేదు.

క్రిస్మస్ పండగయ్యాక ఒక మధ్యాహ్నం వెళ్లేసరికి అతను పందిట్లో ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. పాత చీరతో నడుముకు, కుర్చీ వీపుకు కలిపి కట్టేసి ఉంది. భార్య ముఖం వెలిగిపోతోంది. “పొద్దుగాల నుంచి కూసోబెట్టిన అక్కా. నమ్మకం ఉన్నోళ్లు మంచంల పండబెట్టి ఊకుంటరా? పండుకుంటే నడక ఎట్లొస్తది?”

అమ్మాయి పరుగున పోయి కట్లు విప్పింది. ఆమెకు అంత కోపం రావడం అప్పుడే చూశాను. కుర్చీలో పది నిమిషాలకు మించి వద్దు. కింద మెత్త లేకుండా అసలే వద్దు. ఎముక నొక్కుకుని లోపలి కండ చచ్చిపోతుంది, అతనికి నొప్పి తెలియదు, మనకు కనబడేసరికి చెయ్యి దాటిపోతుంది. ఇదంతా చెప్పి, “నడవడని తెలిసి కూడా ఎందుకిలా చేస్తోంది?” అని నా కళ్లలోకి చూసి అడిగింది.

అప్పుడైనా ఒప్పుకోవచ్చు. “కూర్చుంటే అతనికి బాగుంటుందని,” అన్నాను. భార్య వైపు తిరిగి, “ఒక్కసారే అంతసేపు వద్దంటున్నది. మెల్లమెల్లగ పెంచమన్నది,” అన్నాను.

పెంచమని ఆ పిల్ల అనలేదు. ఆ మాట నాది. భార్య ఉత్సాహం మీద నీళ్లు చల్లడం ఎందుకని కలిపాను. మైకు దగ్గర కలిపినంత సులువుగా వచ్చింది.

ఫిబ్రవరి చివర అమ్మాయి వెళ్లిపోయింది. వాలంటీర్లందరూ అలాగే వెళ్తారు. హాస్టలు పిల్లలు గేటు పట్టుకుని ఏడ్చారు. వారం పోకముందే మళ్లీ ఆటల్లో పడ్డారు.

మార్చిలో నేనొక్కదాన్నే ఆ ఇంటికి వెళ్లాను. పందిరి గుంజకు ఆనించి అతణ్ణి నిలబెట్టింది భార్య! కాళ్లకు అటూ ఇటూ వెదురు బద్దలు పెట్టి గుడ్డలతో బిగించింది. చంకల కింద నుంచి చీర వేసి గుంజకు కట్టింది. అతని నుదుటి మీద చెమట. నేను ఆ మట్టిలోనే మోకాళ్ల మీద పడి స్తోత్రం చెప్పాను. కట్టిన చీర కనబడుతూనే ఉంది. అయినా చెప్పాను.

ఈస్టరు ఆదివారం ఇద్దరినీ ఆటోలో సంఘానికి తెప్పించాం. దేవుడు తన భర్తను నిలబెట్టాడని భార్య సాక్ష్యం చెప్పింది. అందరూ ఏడ్చారు. అతను మాత్రం ఆ రోజు ఒక్క జోకు వేయలేదు. కుర్చీలో తల వాల్చి కూర్చున్నాడు. పక్కన కూర్చున్న ఆడవాళ్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోవడం చూశాను. ఎండకు చెమట వాసన అనుకున్నాను.

రెండు రోజులకు చలిజ్వరం. నేను వెళ్లి పంచె తొలగించి చూశాను. కూర్చునే చోట గుంత పడి ఉంది. లోపల తెల్లగా ఎముక. చుట్టూ నల్లబడిన చర్మం. “పైన చిన్న పొక్కే ఉండె అక్కా, పసుపు పెట్టిన,” అంది భార్య. భద్రాచలం తీసుకుపోతే, “ఇన్ని దినాలు ఏంజేసిండ్రమ్మా?” అని డాక్టరు అడిగాడు. అక్కడి నుంచి ఖమ్మం. ఒంట్లో రక్తమంతా విషమైపోయిందన్నారు. మృగశిర వానలకు ముందే పోయాడు.

సమాధి దగ్గర ఆమె నా భుజం మీద తల పెట్టి ఒకే మాట పదే పదే అంది. “నా నమ్మకం సాలలే అక్కా. సాలితే లేసేటోడే.”

అమ్మాయికి మెసేజ్ పెట్టాను, ప్రభువులో నిద్రించాడని. ఏ జబ్బుతో అని అడిగింది. జ్వరం అన్నాను.

తన నమ్మకం చాలకే భర్త పోయాడని నమ్మి అతని భార్య ఉపవాసాలు మొదలుపెట్టింది. ముందు శుక్రవారం. తర్వాత వారానికి మూడు రోజులు. పొలంలో కూలి చేస్తూ నీళ్ల మీద ఉండేది. జాకెట్టు భుజం మీంచి జారిపోయేది. ఒక ఆదివారం లేచి నిలబడి, అల్పవిశ్వాసంతో భర్తను పోగొట్టుకున్నానని అందరి ముందూ ఒప్పుకుంది. ఎంత తగ్గింపు మనసు అని మెచ్చుకున్నారు. నేను తల ఎత్తలేకపోయాను.

మా పాస్టరు అయ్యగారి దగ్గరికి పోయి జరిగిందంతా చెప్పాను. “ఇప్పుడు చెప్పి ఏం లాభమమ్మా? ఆమెకు మిగిలింది ఆ విశ్వాసమే. అది గూడ తీసేస్తవా?” అన్నారు. ఆ మాట పట్టుకుని ఇంకో రెండు నెలలు ఊరుకున్నాను. ఈలోగా పత్తి ఏరుతూ ఆమె చేనులో కళ్లు తిరిగి పడిపోయింది.

మర్నాడు చేను దగ్గరికి పోయాను. పత్తి మూట మీద కూర్చుని ఉంది. ఎదురుగా నేల మీద కూర్చుని చెప్పేశాను.

“ఆ పిల్ల మొదటి దినమే చెప్పింది. నరం తెగింది, నడవడు అన్నది. నీకు చెప్పమన్నది. నేనే చెప్పలే. కుర్చీల పెంచమని గూడ అనలే. నీ నమ్మకం తక్కువై కాదు. నా నోటితోనే అయింది.”

ఆమె నా వైపు వంగింది. “మంచంలనే ఉంచితే బతికేటోడా?”

“బతికేటోడే.”

“మా ఇంట్ల? అట్లనే మాట్లాడుకుంట?”

“అవ్.”

చేతికి అంటిన పత్తి పోగులు ఒక్కొక్కటీ తీసుకుంది. “ఇంక ఏమేం చెప్పలే అక్కా, ఆ పిల్ల అన్నయి?”

ఆ ప్రశ్నకు నేను సిద్ధపడి రాలేదు. వెతుక్కుంటే ఒకటి గుర్తొచ్చింది. వెళ్లిపోయే ముందు రోజు ఆ ఇంటికి వీడ్కోలు చెప్పడానికి పోయినప్పుడు, తన దేశంలోనూ ఇక్కడా ఎన్నో ఇళ్లు చూశాను గాని ఇంత బాగా చూసుకునే మనిషిని చూడలేదని అమ్మాయి చెప్పింది. అలసిపోతే కాసేపు పడుకోమను, అది తప్పు కాదని చెప్పు అంది. ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. ‘వందనాలు చెబుతున్నది’ అని తేల్చేశాను. అందులో దేవుని మాట ఏమీ లేదని కావచ్చు, అది నాకు ముఖ్యం అనిపించలేదు.

అదీ చెప్పాను. వింటూ విననట్టు అటు తిరిగింది. “అది చెప్తే నీకేం పోయేదక్కా?” అని లేచి, ఒడి కట్టుకుని చాలులోకి దిగింది. వంగి పత్తి తీసుకుంటూ చేను ఆ చివరికి పోయింది. గట్టు మీద నేను నిలబడే ఉన్నాను. మళ్లీ ఇటు రాలేదు.

ఆ ఆదివారం సంఘానికి రాలేదు. తర్వాతా రాలేదు. ఎదురుపడితే పక్క దారిన పోతుంది. ఉపవాసాలు మానేసిందని, రెండు పూటలా వండుకుంటోందని పక్కింటామె చెప్పింది. ఆ కబురు విని వంటింట్లో గోడకు ఆనుకుని ఏడ్చాను. దేవుడున్నాడన్న దాంట్లో నాకు ఈనాటికీ సందేహం లేదు. మోకరించి కళ్లు మూసుకుంటాను, ఆమె కోసం అడగాలని. ఆయన ముందు ఆమె పేరెత్తడానికి నాకు నోరు పెగలదు. లేచి వస్తాను.