నిన్నటి పేపర్లో ఇవాళ్టి వార్తలు

2022 నవంబరు. కరోనా మూతలన్నీ అయిపోయి, తాడేపల్లిగూడెంలోని మా శాఖా గ్రంథాలయానికి జనం మళ్లీ అలవాటుపడిన ఏడాది. లైబ్రేరియన్ పనంటే పుస్తకాలకి నంబర్లు వేసి బీరువాలో సర్దడమే అనుకుంటారు చాలామంది. అసలు పని రీడర్స్ అడ్వైజరీ. అంటే, వచ్చిన మనిషితో నాలుగు మాటలు మాట్లాడి, ఆ మనిషికి పట్టే పుస్తకమేదో చూసి చేతిలో పెట్టడం. అందులో నాకు మంచి పేరే ఉంది. ఉండి ఊరి నుంచి బస్సెక్కి వచ్చి మరీ "ఈసారి ఏం చదవమంటారండీ" అని అడిగేవాళ్లున్నారు.

అలాంటి నేను గంగరాజు గారికి ఒక్క పుస్తకం కూడా అంటగట్టలేకపోయాను. ఆయన డెబ్భై దాటిన రైతు. చేలు కొడుకులకి అప్పగించి, పొద్దున్నే మా పేపర్ గదికి వచ్చేసేవారు. ఆయన పేపర్ విప్పి పైకి చదువుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు వినేవాళ్లు. వాళ్లకి చదువు రాక కాదు. ఆయన గొంతులో వింటేనే వార్తకి రుచి. నిశ్శబ్దం పాటించమనే బోర్డు సరిగ్గా ఆయన నెత్తిమీదే ఉండేది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, నాతో సహా. ఎదురు టైలర్ షాపు మస్తాన్ గారైతే మిషను ఆపేసి మరీ వచ్చి ఆయన పక్కన కూర్చునేవారు.

గ్రంథాలయ వారోత్సవాలకి ఒక కథ పైకి చదివే సభ పెట్టాను. చదవడానికి గంగరాజు గారిని అడిగితే పొంగిపోయారు. వియ్యాలవారికి కూడా ఫోన్లు చేసి రమ్మన్నారు. కథ పుస్తకం ముందే ఇస్తానంటే మాత్రం, "చూద్దాంలే అమ్మా, తొందరేముంది" అని దాటేసేవారు.

సభ ఇంకా కొద్ది రోజులుందనగా వాన పట్టుకుంది. ఒకరోజు పేపర్లు తడిసి ముద్దయి వచ్చాయి. వాటిని నా గదిలో ఫ్యాన్ కింద ఆరబెట్టాను. పేపర్ గది బల్లమీద నిన్నటివే ఉన్నాయి. గంగరాజు గారు వచ్చి, ఒక పేపర్ విప్పి, రాత్రి వానకి కొల్లేటి గట్టు చెరువుల్లోకి నీళ్లొచ్చేశాయని గడగడా చదివేశారు. రాత్రి కురిసిన వాన నిన్నటి పేపర్లోకి ఎలా వస్తుంది?

ఎదురు షాపుకి వెళ్లి, ఆయన పేపర్ చూసి చదవడం లేదు కదా అని మస్తాన్ గారిని నిలదీశాను.

"నాకు తెలుసండి మేడమ్ గారూ," అన్నారాయన టేపు మెడలోంచి తీస్తూ. "పొద్దున్నే ఇక్కడ టీ తాగుతారండి. నేను ఫోన్లో వార్తలు పెడతానండి. అవి విని అక్కడికెళ్లి చదువుతారు."

"అవే వార్తలు వినడానికి మీరు మళ్లీ అక్కడికొస్తారా?"

"ఆయన చెబితే బాగుంటుందండి."

"చూపు తగ్గిందని ఆయన మీతో అన్నారా?"

"లేదండి. మేమెప్పుడూ ఆ మాట అనుకోలేదండి."

నాకు ఒళ్లు మండింది. ఇంత స్నేహం ఉండి కళ్లాసుపత్రికి తీసుకెళ్లాలని తోచలేదా అని కేకలేశాను. ఆయన తల దించుకున్నారు. పాపం, అంత మెత్తటి మనిషిని అన్నందుకు నాకే బాధేసింది.

మధ్యాహ్నం అందరూ వెళ్లాక గంగరాజు గారి పక్కన కూర్చున్నాను. నాకు నాన్చడం చేతకాదు. "ఇది నిన్నటి పేపరండి," అన్నాను.

ఆయన పేపర్ మడవబోయారు. మడత కుదరలేదు. "ఎవరికన్నా చెప్పావా అమ్మా?"

"మస్తాన్ గారికి తప్ప ఎవరికీ తెలీదండి."

"మస్తానుకి తెలుసా!" అని పేపర్ బల్లమీద పెట్టేశారు. "సభకి అందర్నీ పిలుచుకున్నాను. పరువు పోతుందమ్మా. రేపట్నుంచి గుడ్డాయనొచ్చాడు, జరగండర్రా అంటారు. ఇంక ఈ కుర్చీలో కూర్చోలేను."

"పురాణం చెప్పించేటప్పుడు పద్యం ఒకరు చదువుతారు, అర్థం ఒకరు చెబుతారు కదండీ. పెద్దపీట ఎవరిది?"

"అర్థం చెప్పేవాడిదే."

"మన కథా అంతే. మస్తాన్ గారు చదువుతారు, మీరు అర్థం చెప్పండి. సభ అవగానే ఏలూరు కళ్లాసుపత్రికి రావాలి. అది నా షరతు."

"మా అన్నయ్యకి అప్పట్లో ఆపరేషన్ చేస్తే కన్నే పోయిందమ్మా."

"అప్పటి రోజులు వేరండి. నేనూ వస్తాను, పదండి."

సభరోజు హాలు నిండిపోయింది. కాలువ చివరి చేలకి నీళ్ల వంతు అందని రైతు కథ ఎంచాను. మస్తాన్ గారు ఒక పేరా చదివారు. గంగరాజు గారు చెయ్యెత్తి ఆపి, శివారు పొలం వాడి కష్టం ఏమిటో, పైవాడు తూముకి గడ్డి ఎలా అడ్డం పెడతాడో చెప్పడం మొదలుపెట్టారు. వెనక నుంచి ఎవరో "ఆ గడ్డి పెట్టింది మీరే కదండీ!" అన్నారు. హాలంతా గొల్లుమంది. ఆయన కూడా పడీపడీ నవ్వారు. కథ అయ్యేసరికి వియ్యంకుడు లేచి వచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు. ఆయన ఎందుకు చదవలేదని ఒక్కరూ అడగలేదు.

ఏలూరులో డాక్టరు చూసి, శుక్లాలు బాగా ముదిరాయని, ఇంకా ఆలస్యం చేయొద్దని అన్నారు. ముందు ఒక కన్ను, తరవాత రెండోది. రెండుసార్లూ ఆయన చెయ్యి పట్టుకుని లోపలిదాకా వెళ్లింది మస్తాన్ గారే.

నల్ల కళ్లద్దాలు తీసేశాక గంగరాజు గారు తిరిగి తన కుర్చీలో కూర్చుని, ఆ రోజు పేపర్ అక్షరం పొల్లుపోకుండా చదివారు. "ఏవండీ, వెనకటి వార్తలే రంజుగా ఉండేవండీ," అన్నాడు వింటున్న ఒకాయన. గంగరాజు గారికి కోపమొచ్చింది. నాకు నవ్వాగలేదు.

అప్పటినుంచి కొత్తగా ఎవరొచ్చినా ఏ పుస్తకం కావాలో తరవాత అడుగుతాను. ఎవరితో కలిసి చదువుకుంటారండీ అని ముందు అడుగుతాను. నా వృత్తిలో నేను నేర్చుకున్న గొప్ప ప్రశ్న అదే.

మొన్న పొద్దుటి టీ వేళ మస్తాన్ గారి షాపుకి వెళితే గంగరాజు గారూ ఉన్నారు, ఫోను మాత్రం మూగబోయి ఉంది. ఇవాళ వార్తలు పెట్టలేదేమండీ అని అడిగాను.

"మానేశానండి," అన్నారు మస్తాన్ గారు సూదిలో దారం ఎక్కిస్తూ. "ముందే తెలిసిపోతే అక్కడ విన్నట్టుండదు కదండీ."