పిరికి మేస్త్రి, మిడత బండి

పిరికి మేస్త్రికి తడి గచ్చంటే భయం, మెట్లంటే భయం, ఫోను మోగితే భయం, చాలాసేపు మోగకపోతే ఇంకా భయం. వీధి దాటాలంటే అటూ ఇటూ చూసి, చూసింది సరిగ్గా చూశానో లేదోనని మళ్ళీ చూసి, ఆలోగా ఇంకో బండి వచ్చేస్తే మళ్ళీ మొదటికొచ్చే రకం. పెళ్ళన్నా భయమే కాబట్టి ఆ జోలికే పోలేదు. అలాంటి మనిషి ఒకప్పుడు రేసు కారులో డ్రైవరు పక్కన కూర్చునేవాడంటే కొత్తవాళ్ళు నమ్మరు. పాతవాళ్ళు మాత్రం, పిరికివాడు కాబట్టే కూర్చోబెట్టారయ్యా అని నవ్వుతారు. వాళ్ళు చెప్పేది నిజం.

అతను కార్ల షెడ్డులో పనికి చేరిన కొత్తలో అక్కడి మేస్త్రీలంతా మహా ధైర్యవంతులు. తిరుగుతున్న ఇంజన్లో చేతులు పెట్టేవాళ్ళు, జాకీ మీద ఊగుతున్న బండి కింద పడుకుని కూనిరాగాలు తీసేవాళ్ళు. ఇతనొక్కడే ఒక నట్టు బిగించి, రెండడుగులు వెనక్కి వేసి, అనుమానమొచ్చి మళ్ళీ బిగించేవాడు. భోజనం మధ్యలో ఆ నట్టు గుర్తొస్తే ఎంగిలి చేత్తోనే షెడ్డుకి పరుగెత్తేవాడు. అందరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. నవ్వనిది ఒక్క బావే. బావంటే మేస్త్రి అక్క భర్త, ఆ చుట్టుపక్కల అందరికంటే వేగంగా కారు తోలే మనిషి.

"ధైర్యవంతుడు బిగించిన చక్రం మీద నేనెక్కను. నా బండి వీడే చూడాలి," అన్నాడు బావ. మేస్త్రి భుజం మీద చెయ్యేసి, "నాకు పుట్టుకతోనే భయం లేదురా. లేనిదాన్ని ఎక్కణ్ణించి తెచ్చుకోను? అందుకే నీది అద్దెకు తీసుకుంటున్నా," అన్నాడు.

ఆ బండి సంగతి కూడా చెప్పాలి. కలప డిపో యజమాని ఓడ మీద తెప్పించిన స్పోర్ట్స్ కారది. ఆకుపచ్చ రంగు, ఆరు సిలిండర్లు, మనిషి పడుకోగలిగినంత పొడుగు బానెట్, దాని వెనక ఇరుక్కుని కూర్చోవడానికి రెండే సీట్లు. టాపు లేదు, ముందు అద్దం జానెడు. తయారు చేసిన కంపెనీ అలాంటివి డజనైనా పూర్తి చేయకుండానే మూతపడిందట. కదలక మెదలక కూర్చుని, గేరు వేయగానే ఎగిరి దూకేది కనుక షెడ్డులో దానికి మిడత అని పేరు పెట్టారు. చక్రాలు సైకిలు చక్రాల్లా ఊచలవి. ఒక్కో చక్రాన్ని పట్టి ఉంచేది మధ్యలో ఉండే ఒకే ఒక్క రెక్కల నట్టు. రాగి సుత్తితో ఆ రెక్క మీద కొట్టి బిగించాలి. అది వదులైందా, చక్రం తన దారిన తాను పోతుంది. మేస్త్రికి కలలోకి వచ్చేది ఆ నట్టే.

బావ ఒక రూలు పెట్టాడు. రేసుకి ముందు, బండి బిగించినవాడు పక్క సీట్లో కూర్చుని ట్రాకు మీద ఒక చుట్టు తిరిగి రావాలి. వచ్చాక బావ బండి ఆపి, ముఖం తిప్పకుండా అడిగేవాడు, "ఏరా, భయమేసిందా?" మేస్త్రి చెప్పాల్సిన జవాబులు రెండే. "ఎప్పటిలాగే" అంటే బావ రేసుకి వెళ్ళేవాడు. "ఎక్కువేసింది" అంటే మారు మాట్లాడకుండా దిగిపోయేవాడు.

ఎందుకెక్కువేసిందో మేస్త్రికీ తెలిసేది కాదు. ఎప్పుడూ కడుపులో ఉండే భయం ఆ రోజు మోకాళ్ళలోకి దిగేది, అంతే. విప్పి చూస్తే ఒకసారి బ్రేకు డ్రమ్ముకి వెంట్రుకంత పగులు, ఇంకోసారి స్టీరింగు రాడ్డు అరిగిపోయి ఉంది. మరోసారి బండంతా విప్పి నేల మీద పరిచినా ఏమీ దొరకలేదు. డిపో యజమాని ఒంటికాలి మీద లేచాడు. బావ మాత్రం, "అద్దె కట్టాక సామాను వాడుకోకపోతే ఎలాగండీ?" అని నవ్వేసి, ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయాడు.

అలా మిడత కొన్నేళ్ళు చెలరేగిపోయింది. గెలిచిన కప్పులు డిపో ఆఫీసు బీరువా మీద పట్టక కిటికీ గట్టు మీదికి చేరాయి. ఆ రేసుల్లో ఒక్కటీ మేస్త్రి కళ్ళారా చూడలేదు. బావ బయల్దేరగానే ట్రాకు పక్కనున్న గోడకేసి తిరిగి, రాగి సుత్తి గుండెకి హత్తుకుని నిలబడేవాడు. ఇంజను చప్పుడు దగ్గరైతే ఊపిరి పీల్చేవాడు, దూరమైతే బిగబట్టేవాడు. బావ వచ్చి వీపు చరిస్తేనే ఇటు తిరిగేవాడు.

తర్వాత కలప వ్యాపారం దెబ్బతింది. డిపో యజమాని మిడతని ఒక పళ్ళ డాక్టరుకి అమ్మేశాడు. బావని పెద్ద టీమువాళ్ళు కొత్త కారు తోలమని ఎగరేసుకుపోయారు. మేస్త్రి తానూ వస్తానన్నాడు. వాళ్ళకి వాళ్ళ మేస్త్రి ఉన్నాడు, భయమంటే ఏమిటో తెలియని మొనగాడు. ఆ మొనగాడు మొదటి రేసు పొద్దున హడావుడిగా నట్టుకి రెండు దెబ్బలేసి, అయిపోయిందన్నాడు. ముందు చక్రం ఊడి పొలాల్లోకి దొర్లుకుంటూ పోయింది. బావ మాత్రం గట్టు దాటలేదు, దాన్ని గుద్దుకుని అక్కడే పోయాడు. ఆ కొత్త కారుకి అసలు పక్క సీటే లేదు.

రెండేళ్ళ పిల్లని చంకనేసుకుని అక్క తమ్ముడి ఇంటికి వచ్చింది. ఆ పిల్లే పాప. ఇప్పుడు నలభై దాటినా ఇంట్లో పాపే.

మిడత మాత్రం చేతులు మారుతూనే ఉంది. పళ్ళ డాక్టరు దాన్ని కొండ రోడ్డు పోటీల్లో తోలాడు. ఆయనకి అసలే భయం ఎక్కువ కాబట్టి ఎప్పుడూ ఆఖర్నే వచ్చేవాడు, అయినా పక్క సీట్లో మేస్త్రి ఉండాల్సిందే. ఆయన్నుంచి ఒక హోటలు యజమాని కొని, తెల్ల రంగు వేయించి, రిసెప్షను పక్కన నిలబెట్టాడు. ఆయన పోయాక కొడుకులిద్దరూ నాదంటే నాదని కోర్టుకెక్కితే, అది తాళం వేసిన షెడ్డులో ఏళ్ళ తరబడి పడి ఉంది. సీట్లు ఎలుకల పాలయ్యాయి, బానెట్ కింద కోళ్ళు గుడ్లు పెట్టుకున్నాయి. చివరికి గాజు ఫ్యాక్టరీ ఆవిడ దాన్ని కొని, తెల్ల రంగు గీకించి ఆకుపచ్చ బయటికి తీయించింది. మిగతా పనికి వెతుక్కుంటూ మేస్త్రి ఇంటికి వచ్చింది.

"పాత కార్ల రేసు పెడుతున్నారు మేస్త్రి గారూ, అదే పాత ట్రాకు మీద. బండి మీరు బిగించాలి. తోలేది మీ బావగారి కూతురైతే బావుంటుందని నా కోరిక," అంది.

మేస్త్రి గుండె గుభేలుమంది. పాప సంగతి అతనికి తెలుసు కదా. చిన్నప్పుడు షెడ్డు కప్పు మీంచి ఇసుక కుప్పలోకి దూకింది. పెద్దయ్యాక అంబులెన్సు డ్రైవరైంది. ఆమె సైరను వేస్తే బస్సులు గోడలకి అతుక్కుపోవాల్సిందే. ఒక్కసారైనా భయమేసిందన్న మాట ఆ నోట వినలేదు. తండ్రి పోలికే.

"ఓ, తోలతాను, నాన్న రూలు ప్రకారమే," అంది పాప, టీ కప్పు కింద పెట్టకుండానే.

నాలుగు నెలలు మేస్త్రి మిడత దగ్గరే బతికాడు. ప్రతి నట్టూ మార్చాడు, మార్చింది మళ్ళీ విప్పి చూశాడు. సుత్తి దెబ్బ ఒక్కటీ గురి తప్పలేదు. అతన్ని పీక్కుతిన్న భయం వేరే. ఈ వయసులో అన్నిటికీ భయమే. స్నానాల గదిలో మోకాళ్ళు వణుకుతాయి, లిఫ్టులో వణుకుతాయి. అలాంటి మోకాళ్ళు బండి గురించి నిజం చెబుతాయని ఏమిటి నమ్మకం?

రేసు రోజు పొద్దున అక్క వంటింట్లో గిన్నెలు తోముతూ, వెనక్కి తిరగకుండానే అంది. "ఒరేయ్, నేను వద్దంటే అది వినదు. నువ్వు ఎక్కువేసిందంటే దిగిపోతుంది. ఆ ఒక్క మాట అను. బండి ఎలా ఉన్నా సరే, అను."

మేస్త్రి రాగి సుత్తి సంచీలో వేసుకున్నాడు. చెప్పులేసుకుని బయటపడ్డాడు.

ట్రాకు బాగా మారిపోయింది. అతను ముఖం పెట్టుకునే గోడ కూల్చేసి, ఇనుప వల కట్టారు. పాప హెల్మెట్ పెట్టుకుని సీట్లో కూర్చుంది. మేస్త్రి పక్కన ఇరుక్కున్నాడు. మిడత ఒక్క దూకు దూకింది.

గాలి చెంపలు వాయించింది. గేరుబాక్సు వేడి కాలికి తగులుతోంది. మూడు కార్బురేటర్లూ ఒకే గొంతుతో పాడుతున్నాయి. బ్రేకు వేస్తే బండి గీత గీసినట్టు తిన్నగా ఆగుతోంది. తన వైపు చక్రం మీద రెక్కల నట్టు ఎండకి తళతళలాడుతోంది. అంతా బాగానే ఉంది అనుకుంటుండగా నీళ్ళ ట్యాంకు మలుపు వచ్చింది. పాప తల కాస్త ఎడమకి వాల్చి, గేరు తగ్గించకుండా మలుపులోకి దూరింది. బావ అచ్చం అలాగే వాల్చేవాడు. రెండేళ్ళప్పుడే తండ్రి పోయిన పిల్లకి అది ఎవరు నేర్పారు? మేస్త్రి పై ప్రాణాలు పైనే పోయాయి. కడుపులో ఉన్న భయమంతా జారి మోకాళ్ళలోకి దిగింది.

బండి ఆగింది. పాప ముఖం తిప్పకుండా అడిగింది. "మావయ్యా, భయమేసిందా?"

 కళ్ళ ముందు అక్క వీపు, సబ్బు నురగ అంటిన ఆమె చేతులు.

"ఎక్కువేసింది," అన్నాడు.

ఎందుకని పాప అడగలేదు. స్విచ్ కట్టేసింది, హెల్మెట్ తీసింది, చేతి తొడుగులు ఊడదీసి డాష్‌బోర్డు మీద పెట్టి దిగిపోయింది. పరుగున వచ్చిన గాజు ఫ్యాక్టరీ ఆవిడతో, "మావయ్య వద్దన్నాడండీ," అంది, అంతే. కుర్రమెకానిక్కులు జాకీలు పట్టుకుని వచ్చారు, ఒకడు అప్పుడే మేస్త్రి వైపు చక్రం కింద దూరాడు.

మేస్త్రి సీట్లోంచి కదల్లేకపోయాడు. పాప అలా మారు మాట లేకుండా దిగిపోయిందంటే ఆ మాట మీద నమ్మకమే. తన జన్మలో పనికొచ్చిన మాట అదొక్కటే. దానికి విలువ ఎందుకొచ్చిందంటే, దాన్ని ఎప్పుడూ అబద్ధంగా అనలేదు కాబట్టి. ఇవాళ దాన్ని పాడు చేస్తే ఇక ఎవరికీ చెప్పడానికి తన దగ్గర ఏమీ మిగలదు.

"పాపా, ఇలా రా," అన్నాడు.  "బండి బాగుంది. బండి గురించి కాదు భయం."

"మరి?"

"నీ గురించి. ఆ మలుపు దగ్గర నువ్వు మీ నాన్నలా తల వాల్చావు. నాకు చచ్చేంత భయమేసింది. అమ్మ కూడా ఈ మాట అనమంది. దింపేద్దామనుకున్నా."

పాప బానెట్ మీద చెయ్యేసింది. "నాన్న గురించి కూడా ఇలాగే వేసేదా?"

"రోజూ. బండెంత బాగున్నా వేసేది."

"అయితే ఎప్పటిలాగే అనాలి కదా మావయ్యా."

మేస్త్రి కళ్ళు తుడుచుకున్నాడు.  "ఎప్పటిలాగే," అన్నాడు. దిగి, రాగి సుత్తి తీసుకుని నాలుగు నట్లూ తడిమి, ఒక్కోదానికీ ఒక్కో దెబ్బ వేసి పక్కకి తప్పుకున్నాడు.

జెండా ఊపారు. ముఖం పెట్టుకోవడానికి గోడ లేదు. ఇనుప వలలోంచి ఎటు చూసినా ట్రాకే. కళ్ళు మూసుకుంటే పాప ఎక్కడుందో తెలియక మరీ భయమేసింది. దాంతో జీవితంలో మొదటిసారి మేస్త్రి రేసు చూశాడు. సుత్తి పిడి చెమటకి జారిపోతోంది. ఆకుపచ్చ మచ్చ ట్యాంకు వెనక్కి వెళ్ళి మాయమైన ప్రతిసారీ అతని గుండె ఆగేది, ఇవతల తేలితే మళ్ళీ కొట్టుకునేది. మొదట్లో ముందున్న మిడత, మూడో చుట్టులో ట్యాంకు దగ్గర్నించి ఆలస్యంగా వచ్చింది. ముందు ఒక ఎర్ర కారు, దాని వెనక నీలం కారు, ఆ తర్వాత మిడత. మేస్త్రి వల పట్టుకుని నిలబడ్డాడు. అక్కణ్ణించి చివరిదాకా ఆ వరస మారలేదు.

పాప మూడో స్థానంలో వచ్చి బండి ఆపింది. చప్పట్లు కొడుతున్నారు. ఆమె మాత్రం సీట్లోంచి లేవలేదు.

"మావయ్యా, చెయ్యివ్వు."

ఆ చెయ్యి మంచులా చల్లగా, చెమటతో తడిసి ఉంది. పట్టుకుని లేపితే నిలబడలేక అతని మీదే వాలింది. ఏదో తప్పు చేసినదానిలా గొంతు తగ్గించి చెప్పింది. "ఆ మలుపు దగ్గర భయమేసింది మావయ్యా. నాన్న గుర్తొచ్చాడు. కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. ఇద్దరు దాటేసి పోయారు."

"మోకాళ్ళలోకి దిగిందా?"

"దిగింది. ఇంకా వణుకుతున్నాయి, చూడు."

మేస్త్రి చూశాడు. నిజంగానే వణుకుతున్నాయి. అతను అక్కడే నేల మీద కూలబడి, ఆ మోకాళ్ళు రెండు చేతులా పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నీకుందే తల్లీ భయం. నీకు సొంతంగా ఉంది," అంటూ అదే మాట పదిసార్లన్నాడు. ఓడిపోయినందుకు ఏడుస్తున్నాడనుకుని గాజు ఫ్యాక్టరీ ఆవిడ మంచినీళ్ళు తెప్పించింది.

కాస్త తేరుకున్నాక, ఫోనంటే హడలిపోయే మనిషి తనే ఫోను తీసి అక్కకి చేశాడు. అవతల ఎత్తగానే గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"అక్కా," అన్నాడు మేస్త్రి. "పాపకి భయమేసింది."

 అక్క, "నిజంగానా?" అని ఒక్క మాట అడిగి, భర్త పోయినప్పుడు కూడా ఏడవనంతగా ఏడ్చింది.