సోమప్ప మిషనుకు కుదిరే నేల

సోమప్ప మామ సాన మిషనుకు అందరి నేలా కుదరదు. ఈ మాట మేం కల్పించింది కాదు, ఆయప్పే చెప్పుకుంటాడు. కత్తి ఎవరిదైనా సాన పడతాడు. కొడవలి ఎంత తుప్పుదైనా పడతాడు. మిషను యాడ దించల్ల అనే కాడికొస్తే మాత్రం, పిల్లను చూసేదానికొచ్చిన పెండ్లోళ్లు గూడా అన్ని వంకలు పెట్టరు.

రాయదుర్గం బస్సు టాపు మీద మిషనేసుకొని మా ఊర్లో దిగుతాడు. చెక్క చట్రం, సైకిలు చక్రం, పైన సానరాయి. కాలితో తొక్కితే రాయి తిరుగుతాది. ఆ బరువు భుజానికెత్తుకొని ఊరంతా తిరుగుతాడు. ఒక్కో వాకిట్లో నిలబడి మడమతో నేలను తంతాడు. పిడికెడు మన్ను తీసి వాసన చూస్తాడు. తలకాయ అడ్డంగా ఊపి ముందుకు పోతాడు.

నా వాకిలి పేడతో అలికి నున్నగా పెట్టుకుంటాంటి. కానగచెట్టు నీడ గూడా ఉండాది. మిషను ఈడ దిగితే ఊరి ముచ్చట్లన్నీ నా కాడికే వస్తాయి కదా, అదీ నా ఆశ.

"మామా, ఈ తూరైనా దించు. మజ్జిగిస్తా."

మజ్జిగ తాగుతాడు. మూతి తుడుచుకుంటాడు. నేల తంతాడు. "లేదు ఈశ్వరీ. నీ నేలకు పొగరెక్కువ. మిషను తిరగదు."

"మజ్జిగ మాత్రం కుదిరిందా?"

"అది శానా బాగుండాది."

మా ఇంటాయన కేశవ పడీ పడీ నవ్వేవాడు. "నీ వాకిలికి ఆ యోగం లేదు లేమ్మే!"

వానలు మొగం చాటేసిన ఏండ్లవి. రెండువేల రెండులో మా ఊరి సిద్దమ్మ మొగుడు ఆంజనేయులు, బోరు ఎండిపోయినాక పురుగుల మందు తాగినాడు. కర్మంతరం అయినాక ఆ వాకిలి తొక్కినోళ్లు లేరు. ఏం మాట్లాడల్లనో తెలీక పక్క సందులో పోతాంటిమి. సిద్దమ్మ తలుపేసుకునింది. పొయ్యి గూడా ముట్టించల్యా.

అప్పుడొచ్చినాడు సోమప్ప. అందరి కత్తులూ గోనెసంచిలో ఏసుకొని, పోయి పోయి సిద్దమ్మ వాకిట్లో నేల తన్నినాడు. "ఆహా! ఇదీ నేలంటే!"

కత్తి కావల్లంటే ఆడికే పోవల్ల. తిట్టుకుంటా పోయినాం. "కూసోండమ్మా, మిషనుకు ఆయాసమొచ్చింది" అని ఒక్కో కత్తికి ఒక పొద్దు చేసినాడు. ఆకలైతాందని సుంకమ్మ రొట్టెలు తెచ్చింది, ఇంకొకామె నంజుకునేదానికి ఊరిబిండి తెచ్చింది. రాయి గుయ్యిమనే మోతకు లోపల గడియ తీసిన చప్పుడైంది.

"ఏమన్నా, ఊర్లో ఇంగ యాడా నేలే లేదా నీకు?" సిద్దమ్మ గొంతు!

"లేదు తల్లీ. ముందు ఇంత తిను, తిన్నాక తిడుదువు."

నాకప్పుడు ఏమీ తట్టలేదు. నా వాకిలి కాదన్నాడని ఉడుక్కుంటి, అంతే.

మరుసటేడు కేశవ బెంగుళూరికి కూలికి పోయినాడు. కట్టే మేడ మీదనుంచి పడినాడు. వ్యానులో పీనుగను తెచ్చినారు. నేను వాకిలి అలకడం మానేసినా. ఊరు మళ్లీ పక్క సందు పట్టింది. ఇల్లు అట్ల మూగబోతాదని నాకు తెలీదు.

ఒగనాడు కిటికీలోనుంచి చూస్తే సోమప్ప వస్తాండాడు, భుజాన మిషనుతో. సిద్దమ్మ వాకిలి గుర్తుకొచ్చింది. ఆ మిషను యాడ దిగుతాదో అప్పుడు తెలిసింది నాకు.

"ముందుకు పో మామా! ఈ నేల నీకు కుదరదు!" లోపలనుంచే అరిచినా. ఏండ్ల తరబడి దించమని బతిమాలిన నోటితోనే, దించొద్దని దేవుండ్లకంతా మొక్కుకుంటి.

మడమతో తన్నినాడు. మన్ను తీసినాడు. వాసన మాత్రం చూడలేదు. పిడికిట్లో పట్టుకొని అట్లే నిలబడినాడు.

"కుదిరింది ఈశ్వరీ" అన్నాడు.

గోడకు ఆనుకొని ఎక్కెక్కి ఏడ్చినా. మొదట తలుపు తోసింది సిద్దమ్మ. చేతిలో కత్తి తళతళా మెరుస్తాంది, దానికి సాన యాడ కావల్ల!

"లెయ్యే, మీ మామ ఎండలో ఉండాడు. మజ్జిగ యాడుండాది?"

"లేదక్కా."

"నాకు తెలుసులే." కొంగు చాటునుంచి మజ్జిగ చెంబు తీసింది.

లేచి, నా చేత్తోనే లోటాలో పోసి తీసకపోయినా. వాకిలి నిండా ఆడోళ్లు.

"ఇంగోతూరి నా వాకిట్లో దించినావంటే నీ మిషను కాళ్లు ఇరగ్గొడతా మామా!"

మజ్జిగ తాగినాడు. మూతి తుడుచుకున్నాడు. మడమతో ఇంగోసారి నేల తన్ని చూసినాడు.

"దించను లేమ్మా. నీ నేలకు అప్పుడే పొగరెక్కతాండాది."