చాలు

మొయినాబాద్ బస్టాండ్ల చేవెళ్ల బస్సు కోసం కూసున్న. పక్కన కూసున్న ముసలామె నా సీసా దిక్కు చూసి నీళ్లడిగింది. దోసిలి పట్టింది, నేను పోసిన. తాగుడైతె ఆపింది గని చేతులు తియ్యలే. నీళ్లు మోచేతుల మీదికెల్లి కారి చీరె తడిసింది.

"చాలంటె ఆపుతుంటి గద అవ్వా!" అని జర కోపంగనే అన్న.

"ఆ మాట నా నోట్లెకెల్లి రాదు బిడ్డా," అన్నది.

ఈడి పక్కనున్న హిమాయత్‌నగర్ ఊరి దిక్కు ఫామ్‌హౌస్ కడుతుంటె ఆలుమగలిద్దరు కూలికి పోయిన్రట. సిమెంటు కలిపే మిల్లర్ల దిగి, అంటుకున్న సిమెంటు గీకుతున్నడట ఆమె పెనిమిటి. అన్నం యాళ్లయింది. "చాలు చాలు, ఇగ బయటికి రా," అని ఈమె పిలిచింది. మిల్లర్ అవతల స్విచ్ కాడ బిహార్ నుంచి కొత్తగ వచ్చిన మనిషి నిలబడ్డడు. లోపల ఎవరన్న ఉన్నట్టు అతనికి తెల్వదు. అతని హిందీల చాలూ అంటె నడిపియ్యమని. స్విచ్ ఏసిండు.

"నాకన్న ఎక్కువ ఆ మనిషే ఏడ్సిండు," అన్నది. "అతన్ని ఏమనాలె బిడ్డా? నేను చెప్పిందే చేసిండు."

బస్సు వస్తె ఎక్కిన.

అన్నం పెడుతు నా భార్య ఇప్పటికీ "చాలా?" అని అడుగుతది. నేను పళ్లెం మీద చెయ్యి అడ్డం పెడ్త. ఒక్కోసారి ఆమె చూసుకోదు. ఉడుకన్నం చేతి మీద పడ్తది.