చెప్పి ముట్టుకునే టైలరమ్మ

కొలతలు తీసేటప్పుడు టైలరమ్మ టేపు ఎక్కడ పెట్టబోతోందో ముందే చెబుతుంది. "భుజం మీద పెడుతున్నా తల్లీ", "నడుం చుట్టూ తిప్పుతున్నా." ఇరవై ఏళ్ల అలవాటు. శిష్యురాళ్లను వేధించిన కోచ్ కథ టీవీలో సీరియల్‌గా మొదలైనప్పటి నుంచి ఆమె కుట్లు వంకరపోతున్నాయి. జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటున్న పన్నెండేళ్ల కూతురు ఆ సీరియల్ రాగానే లేచి పక్కగదిలోకి వెళ్లిపోతోంది. నిన్న టైలరమ్మ ఉండబట్టలేక కూతుర్ని అడిగింది.

"పల్టీ కొట్టేటప్పుడు సార్ పట్టుకుంటారు కదే, చెప్పి పట్టుకుంటారా?"

"పట్టుకోకపోతే మెడ విరుగుతుందమ్మా. నీకంతా సీరియల్ పిచ్చి."

"అడిగింది చెప్పవే."

కూతురు జడ విప్పుకుంటూ గోడవైపు తిరిగింది. "మొదట్లో చెప్పేవారు."

ప్రాక్టీసు సాయంత్రం ఐదింటికి. ఈరోజు నాలుగింటికే దుకాణం మూసి, కూతుర్ని ఇంట్లో ఉంచి, టైలరమ్మ ఒక్కతే స్టేడియానికి బయల్దేరింది.