అన్న దిగే చప్పుడు

నా చీలమండ బెణికిన వైనం అబిడ్స్‌లో మూడు రకాలుగా చలామణీలో ఉంది. ఛాయ్ బండి అతనికి ఎద్దు తరిమిందని చెప్పాను. గన్‌ఫౌండ్రీలో మా ఆఫీసువాళ్లకు, బస్సు కింద పడబోయిన ఒక పెద్దమనిషిని పక్కకి లాగానని. చర్చిలో కాస్త వినయంగా, ఆ పెద్దమనిషి పాస్టరని. జరిగింది ఇంతే: ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గర ఒకటి తెరిచి చదువుకుంటూ అంచు మీంచి కాలు దించాను. రోడ్డు నేననుకున్న చోట లేదు.

నాంపల్లిలో మాది పాత మేడ. కింద వదిన, పక్క వాటాలో నేను. పైగదిలో మా అన్న పుస్తకాలు. అన్న పోయి ఏడాది కావస్తోంది. జ్ఞాపకార్థ ప్రార్థన కూటం అయ్యాక ఆ గది కిరాయికి ఇచ్చేద్దామని వదిన ఒప్పుకుంది. ఆ మాట ఆమె నోట రావడానికి అంతకాలం పట్టింది.

చీలమండకు చుట్టిన పట్టీ విప్పాక, పుస్తకాలు సర్దుదామని పైకెక్కాను. దిగుతుంటే మెట్ల మీద టక్... జర్ర్. టక్... జర్ర్.

కింద తలుపు తెరుచుకుంది. వదిన చేతిలో ఛాయ్ కప్పు. నన్ను చూసి ఆమె ముఖం వాలిపోయింది.

"మీ అన్న అనుకున్న."

చిన్నప్పుడెప్పుడో కాలు మెలిపడి, అన్న సరిగ్గా ఆ చప్పుడుతోనే దిగేవాడు. అది వినగానే వదిన ఛాయ్ పోసేది. మర్నాడూ పోసింది. నేను మెట్లెక్కని రోజు కూడా పోసింది.

"ఆయన తిరుగుతుంటే గది కిరాయికెట్లిస్తం?"

"వదినా, అది నా కాలు."

"నీ కాలును ఎద్దు తరిమింది గదా. నాకు చెప్పకు గిసొంటి కథలు."

ఎక్కేటప్పుడు రాని చప్పుడు దిగేటప్పుడే ఎందుకని ఫిజియోథెరపీ అమ్మాయిని అడిగాను. ఆమె నా పాదాన్ని కిందికి వంచింది.

"ఇప్పుడు బయటివైపు ముందున్న లిగమెంటు బిగుస్తది, అంకుల్. పాదం పైకెత్తితే అది వదులైతది, కిందిదీ వెనకదీ పట్టుకుంటయి. మెట్టు దిగంగ వేళ్లు కిందికి వంగుతయి, అప్పుడు ఆపాల్సింది ముందుదే. మీది అదే సాగింది. కాలు ఎక్కడుందో మెదడుకు కబురు గూడ లేటుగ పోతది."

లేటుగా చేరే కబురు సంగతి మా ఇంట్లోవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ సాయంత్రం కింది మెట్టు మీద కూర్చుని వదినను పిలిచాను. "జర ఇక్కడ చెయ్యి పెట్టు."

"మరిది కాలు పట్టిస్తవా నాతోని?"

"నమ్మనోళ్లకు తప్పదు."

కూర్చుంది. నేను చూపించకముందే ఎముక ముందున్న పల్లంలో బొటనవేలు ఆనించింది. అన్నకు నూనె రాసీ రాసీ ఆ చోటు ఆమెకు తెలుసు. పాదం పైకెత్తాను, వదులైంది. కిందికి వంచాను. బిగుసుకుంటూ బిగుసుకుంటూ, ఆమె వేలి కింద కొంచెం జారింది.

"గిదే," అంది. "ఆయనది గూడ గీడనే."

చాలాసేపు చెయ్యి తియ్యలేదు. తర్వాత లేచి, "మంచిగ జేసుకో," అని లోపలికి వెళ్లిపోయింది.

కొంగలా ఒంటికాలి మీద నిలబడే కసరత్తు చేశాను. ఛాయ్ బండి అతనికి అది తపస్సని చెప్పాను. మెల్లగా చప్పుడు పోయింది. కూటం అయిన మర్నాడు చివరి పుస్తకాల కట్టతో దిగాను, రెండు కాళ్లూ ఒకే మాట మీద. వదిన ఒక్క కప్పే పోసి నాకిచ్చింది.

సగం తాగానో లేదో, పైమెట్ల మీద టక్... జర్ర్.

ఇద్దరం తలెత్తాం. అక్కడెవరూ లేరు.

"గాలి," అంది వదిన, నా ముఖంలోకే చూస్తూ.

"ఔ, గాలే," అన్నాను.

నా జన్మలో ఇంత పొట్టి కథ ఎప్పుడూ చెప్పలేదు.